హాస్యగాడనగా…

శాసనసభలో ఒక సభ్యులవారు మరొక సభ్యులవారిని హాస్యగాడన్నారు. అన్నవారేమో పొగిడానన్నారు. పడ్డవారేమో తిట్టారన్నారు. ఆ మాటను రికార్డులో ఉంచాలో తీసెయ్యాలో తేలక ఆ పూటకు సభ వాయిదా పడింది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని మనబోటివాళ్ళం అనుకుంటాం గాని, ప్రభుత్వం దగ్గర గోళ్ళుండవు, గొడ్డళ్ళే ఉంటాయి. కాబట్టి నెల తిరక్కుండా కళాపదాల అర్థనిర్ధారణ మండలి అని ఒకటి పుట్టింది. దానికి ఒక సంచాలకులు, ఒక సంయుక్త సంచాలకులు, కొందరు సహాయకులు, ఒక గుమాస్తా మంద, గుమ్మం దగ్గర ఒక బంట్రోతు, వీళ్ళందరి మధ్య సూపరింటెండెంటు పరాంకుశం గారు ఏర్పాటయ్యారు.

పరాంకుశం గారు మంచి నోటు రాస్తారు, చెడ్డ మాట అనరు. అయితే ఆయన్ను ఇంతదాకా తీసుకొచ్చింది ఈ రెండూ కావు. ఆయన నవ్వు. సంచాలకులు సచ్చిదానందమూర్తి గారు హాస్యప్రియులు, అంటే తమ హాస్యం తమకు ప్రియం. శిక్షణలో ఉండగా హాస్టల్లో పెట్టిన ఉప్మాలో చెంచా గుచ్చితే అది నిటారుగా నిలబడి సెల్యూట్ చేసేదని వారు ప్రతి సమావేశంలోనూ చెప్పేవారు. చెప్పి ముందు వారు నవ్వేవారు. తరువాత సంయుక్త సంచాలకులు నవ్వేవారు. ఆ నవ్వు సహాయకుల మీదుగా హోదా ప్రకారం దిగి వచ్చేది. ఒకరి నవ్వు మీద మరొకరు పడకుండా, పైవారి కంటే ఒక పిసరు తక్కువగా, కిందివారి కంటే ఒక పిసరు ఎక్కువగా నవ్వడం చేతనైనవాడు ఆ కార్యాలయంలో పరాంకుశం గారొక్కరే. అవతల బంట్రోతు కూడా తలుపు సందులోంచి విని, తన వంతు వచ్చాక నవ్వి, బీడీ ముట్టించుకునేవాడు.

అలాంటి మండలి హాస్యగాడి మీద కూర్చుంది. దగ్గరి మాటలన్నీ ముందు పిలిపించి విచారించారు. విదూషకుడు మంచి మాటే గాని, ఆయన రాజు పక్కన ఉండవలసినవాడు. రాజులు లేరు గనుక ఆ పదం ఖాళీగా ఉన్నట్టు నమోదు చేసి, భవిష్యత్తులో అవసరపడితే భర్తీ చేసుకోవచ్చని రాసుకున్నారు. జోకరు అంటే కించపరచడమేనని ఒకరంటే, పేకాటలో జోకరు విలువ తెలియనివారు ఆ మాట అనకూడదని సంయుక్త సంచాలకులు మనసు కష్టపెట్టుకున్నారు. కమెడియన్ని సినిమావాళ్ళకు వదిలేశారు. బఫూన్ని సర్కస్‌కు పంపారు. చివరికి హాస్యగాడు మిగిలాడు. ఈ మాటతో చిక్కేమిటంటే, అరుగు మీద కూర్చుని అంటే తిట్టు, నాటకం చూసొచ్చి అంటే మెప్పు. ఒకే మాట రెండు చోట్ల రెండు రకాలుగా ప్రవర్తించడం క్రమశిక్షణారాహిత్యం కిందికి వస్తుందని సచ్చిదానందమూర్తి గారు అభిప్రాయపడ్డారు.

ఎట్టకేలకు పరాంకుశం గారి చేతి మీదుగా నిర్వచనం తయారైంది. "హాస్యగాడనగా సభ్యసమాజమునందు ఔచిత్యభంగము లేకుండా ఎదుటివారిచే స్వచ్ఛందముగా నవ్వు వెలువరింపజేయువాడు." సంచాలకులు దాన్ని మూడుసార్లు పైకి చదువుకుని, కామా ఒకటి పెట్టి, మళ్ళీ తీసి ఆమోదించారు. అసిస్టెంట్ డైరెక్టరు పదవికి పరాంకుశం గారి పేరు సిఫారసు చేస్తున్నానని, ఈ పని ఒడ్డున పడగానే ఫైలు మీద సంతకం చేస్తానని కూడా అన్నారు. ఆ కబురు ఇంటికి చేరగానే ఆయన భార్య వకుళమ్మ గారు పక్కింటి వాళ్ళకు చెప్పేశారు. పక్కింటికి చెప్పాక ఇక ఆ పదవి వచ్చినట్టే లెక్క.

అర్థం అక్కడితో ఆగితే బాగుండేది. కాని నిర్వచనం ఉన్నాక దానికి తగినవాడెవడో తేల్చాలి కదా. రాష్ట్రంలో హాస్యగాడినని చెప్పుకునే ప్రతివాడూ మండలి ఎదుటికి వచ్చి నవ్వించాలని ఉత్తర్వు పోయింది. నవ్విస్తే హాస్యగాడు. లేకపోతే "ఇతరులు". ఇతరులు ప్రభుత్వ సాంస్కృతిక వారోత్సవాల్లో వేదిక ఎక్కకూడదు. ఊళ్ళల్లో జాతరలకు అనుమతిచ్చే అధికారులు కూడా ఈ పద్ధతే పాటిస్తారని కింద ఒక వాక్యం చేర్చారు.

హాస్యగాళ్ళు బారులు తీరారు. పగటివేషాల వాళ్ళు వచ్చారు, తోలుబొమ్మల వాళ్ళు వచ్చారు, పెళ్ళిళ్ళలో మిమిక్రీ చేసే కుర్రాళ్ళు వచ్చారు. పరీక్షాధికారి నవ్వితే పక్షపాతమవుతుందని సచ్చిదానందమూర్తి గారు నవ్వలేదు. ఆయన నవ్వలేదు గనుక సంయుక్త సంచాలకులు నవ్వలేదు. వారు నవ్వలేదు గనుక ఆ కిందివారు నవ్వే ప్రశ్నే లేదు. తోలుబొమ్మలాయన ఒకడు పొట్టలు చెక్కలయ్యే ఘట్టం ఆడించి, తెర వెనక నుంచి తొంగి చూసి, ఎవరైనా పోయారా అని భయంగా అడిగాడు. అందరినీ ఇతరుల్లో రాశారు. కొన్నాళ్ళకు మండలి పైకి ఒక నివేదిక పంపింది. రాష్ట్రంలో హాస్యగాళ్ళ తీవ్ర కొరత నెలకొని ఉన్నదనీ, తాత్కాలికంగా ఇతర శాఖల నుంచి డిప్యుటేషన్‌పై సర్దుబాటు చేసుకోవచ్చుననీ అందులో ఉంది. ఇదంతా పరాంకుశం గారే రాశారు. రాస్తున్నప్పుడు ఆయనకు అందులో వింతేమీ కనిపించలేదు.

ఆ రోజుల్లోనే తెనాలి పక్క నుంచి ఒక బుర్రకథ దళం వచ్చింది. కథ చెప్పేది సామ్రాజ్యమ్మ. నడివయసు దాటిన మనిషి, నుదుట రూపాయి కాసంత బొట్టు, భుజాన తంబురా. కుడి పక్క వంత కోటయ్య రాజకీయం మాట్లాడతాడు. ఎడమ పక్క వంత బొంతా లాజరు హాస్యం చెప్తాడు. బుర్రకథలో ఎడమ పక్కవాడి పని ఇంతే: కథ చెప్పేవారు ఊపిరి తీసుకునే చోటల్లా అడ్డం పడాలి, తెలియనట్టు అడగాలి, గుమ్మెట వాయించి తందాన అనాలి. మీసాలు రాని వయసులో లాజరు ఆవిడ ఎడమ పక్క నిలబడ్డాడు. ఇప్పుడా మీసాలు నెరిశాయి.

పరీక్షకు ఒక్కొక్కరే రావాలన్నది నియమం. సామ్రాజ్యమ్మను, కోటయ్యను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి లాజరును లోపలికి పంపారు. అతను గుమ్మెట చేత్తో పట్టుకుని పెద్ద బల్ల ముందు నిలబడ్డాడు. ఇక కానిమ్మన్నారు సంయుక్త సంచాలకులు. లాజరు వరండా వైపు చూశాడు.

"నేనొక్కణ్ణే ఏం చెప్పనండీ? అక్క మాటంటే నేను అడ్డం పడతా. అడ్డం పడటమే అండీ నా పని. అక్క లేకపోతే పడటానికి అడ్డమే లేదు."

ఇతరుల వల్ల హాస్యగాడయ్యేవాడు హాస్యగాడు కాడని సంచాలకులు అభ్యంతరం తెలిపారు. అయినా పల్లెటూరివాడు, నిబంధన తెలియక వచ్చి ఉంటాడు, ఒకసారి చదివి వినిపించడం మన ధర్మం అని కళ్ళజోడు పెట్టుకుని నిర్వచనం అందుకున్నారు. సచ్చిదానందమూర్తి గారి చదువుకు ఒక పద్ధతుంది. ముక్క ముక్కకూ ఆగి, ఆ ముక్క సభలో నలుదిక్కులా వ్యాపించాక తరువాతి ముక్క వదులుతారు. అయితే వాక్యం చివర క్రియ వచ్చేదాకా ఏం జరిగినా ఆపరు. మధ్యలో ఆగడం వారి హోదాకు తగదు.

"హాస్యగాడనగా…" అని సంచాలకులు ఊపిరి తీసుకున్నారు.

లాజరు చెవిన పడింది మాట కాదు, ఆ ఊపిరి. చెయ్యి దానంతటదే గుమ్మెట మీద పడింది.

"ఆఁ, ఎవుడంటా?"

"సభ్యసమాజమునందు…"

"అదే ఊళ్ళో ఉందయ్యా?"

సంచాలకుల కనుబొమ్మలు లేచాయి గాని క్రియ ఇంకా రాలేదు. "ఔచిత్యభంగము లేకుండా…"

"భంగమేం లేదు, బల్ల గట్టిగానే ఉంది."

"ఎదుటివారిచే…"

"ఎదురుగా ఉన్నోళ్ళు పాపం, అయ్యగార్లు."

"స్వచ్ఛందముగా…"

"ఆర్డరొచ్చినాక."

"నవ్వు వెలువరింపజేయువాడు."

"తందాన తాన."

అప్పుడు పరాంకుశం గారికి కడుపులో ఏదో కదిలింది. మొదట ఆకలనుకున్నారు. అది పైకి వచ్చింది. ఆయన పెదవులు బిగించారు, ముక్కు మూసుకున్నారు, చనిపోయిన బంధువులను ఒక్కొక్కరినే తలుచుకున్నారు. ఏదీ పని చెయ్యలేదు. అది కట్ట తెగినట్టు ఒక్కసారిగా బయటపడింది. ఆయన భళ్ళున నవ్వారు. బల్ల మీద కాగితాలు కింద పడ్డాయి, అవి ఏరుకోవడానికి వంగి బల్ల కింద కూడా నవ్వారు. తన నోట అలాంటి చప్పుడు వస్తుందని ఆయనకే తెలియదు. తలెత్తేసరికి పైవారు, కిందివారు అందరూ ఆయన్నే చూస్తున్నారు. హోదాల వరుసలో మధ్యవాడు ముందు నవ్వడం ఆ కార్యాలయ చరిత్రలో అదే మొదలు.

"అది ఏమిటి?" అన్నారు సంచాలకులు.

సంయుక్త సంచాలకులు మంచివారు. పరాంకుశం గారికి ఎప్పటి నుంచో దగ్గు ఉందండీ అని చెప్పారు. సహాయకులు కూడా ఆ దగ్గు తామెరిగినదేనన్నారు.

అయినా చిక్కు అలాగే ఉంది. అది నవ్వయితే నిర్వచనం ప్రకారం లాజరు హాస్యగాడు. దగ్గయితే ఇతరులు. సంచాలకులు సాయంత్రం పరాంకుశం గారిని గదిలోకి పిలిపించుకుని ఎంతో మృదువుగా మాట్లాడారు. వెలువడిన ధ్వని యొక్క స్వభావమును గూర్చి ఒక సంజాయిషీ ఇమ్మన్నారు. దగ్గు అని రాస్తే చాలన్నారు. ప్రమోషను ఫైలు ఇదిగో, నా ఎడమ చేతి దగ్గరే ఉందన్నారు. అంతేకాక ప్రభుత్వ వైద్యుడి చేత దగ్గుకు ఒక ధ్రువపత్రం కూడా తెప్పించి ఉంచారు. రోగి పేరుతో సహా అన్నీ నింపి ఉన్నాయి, రోగమొక్కటే తక్కువ.

పరాంకుశం గారు అడకత్తెరలో పోకచెక్కలా బయటికి వచ్చారు. గేటు దగ్గర టీ బడ్డీ పక్కన లాజరు ఉన్నాడు. మిగతా ఇద్దరూ బస్టాండుకు పోయారనీ, తాను అయ్యగారి కోసమే ఆగాననీ అన్నాడు. రెండు టీలు చెప్పాడు.

"పేరుదేముందండీ, ఏదో ఒకటి రాసుకోండి," అన్నాడు లాజరు. "కాకపోతే ఇతరులంటే అక్క పక్కన నిలబడనీరంట. నా చోట్లో ఇంకోణ్ణి పెడతారంట. అక్క కథ చెప్తా ఆగుద్ది చూడండి, ఆడ నేను జనంలో కూచుని నోరు మూసుకోవాల. అది నావల్ల కాదండీ. గుండె ఆగిపోద్ది."

లాజరు గొంతు తగ్గించాడు.

"నాకు కాయితం మీద రాయకపోయినా పర్లేదు. నిజం చెప్పండయ్యా. మీరు నవ్వారా, దగ్గారా?"

పరాంకుశం గారు టీ పూర్తిగా తాగకుండానే లేచి వెళ్ళిపోయారు. ఆ ప్రశ్న మాత్రం ఆయన వెంట బస్సెక్కింది.

ఇంటికి వెళ్ళేసరికి వకుళమ్మ గారు మిరియాల కషాయం కాచి ఉంచారు. కార్యాలయం నుంచి ఎవరో ఫోను చేసి, సారుకు దగ్గు ముదిరిందని చెప్పారట. ఆయన కషాయం పక్కన పెట్టి జరిగిందంతా చెప్పుకొచ్చారు. ఆర్డరొచ్చినాక అన్న దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పారు. చెప్తూ ఆయన కూడా నవ్వారు. కాసేపయ్యాక ఆవిడ కళ్ళు తుడుచుకుని, మీరిట్లా నవ్వితే విని ఎన్నాళ్ళయిందో అంది. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. ఇంట్లో కూడా తాను ఎవరి తరువాతో నవ్వడానికి కాచుకుని కూర్చున్నట్టున్నానని ఆయనకు చాలా సిగ్గేసింది. ప్రమోషను సంగతి ఆవిడ అడగనూ లేదు, ఆయన చెప్పనూ లేదు. పక్కింటి వాళ్ళకేం చెప్పాలో అన్న ఆలోచన మాత్రం ఇద్దరి మధ్యా కాసేపు కూర్చుని పోయింది.

మర్నాడు ఆయన సంజాయిషీ ఇచ్చారు. ఆయన రాసిన నోట్లన్నిటిలోకీ అదే చిన్నది.

"లాజరు అను కళాకారుని సమక్షమున నా నుండి వెలువడిన ధ్వని నవ్వు. అది స్వచ్ఛందము. ఇంతకు పూర్వము ఈ కార్యాలయమున నా నుండి వెలువడిన నవ్వులన్నిటినీ దగ్గుగా సవరించి నమోదు చేయవలసినదిగా ప్రార్థన."

సచ్చిదానందమూర్తి గారు దాన్ని రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. పరాంకుశం గారు ఉరుము కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు. ఉరుము రాలేదు. కళ్ళజోడు లేకుండా సంచాలకుల ముఖం ఎవరో మామూలు పెద్దమనిషి ముఖంలా ఉంది.

"ఉప్మా కూడానా?" అన్నారు మెల్లగా.

పరాంకుశం గారికి జాలేసింది. అబద్ధమాడదామా అని కూడా అనిపించింది. కాని ఒకసారి నిజం మొదలుపెట్టాక మధ్యలో ఆపడం, క్రియ రాకముందే వాక్యం ఆపినట్టుంటుంది.

"ఉప్మా కూడా దగ్గేనండీ."

నిర్వచనం మండలిదే. సంతకం ఉన్న నవ్వు చేతిలో ఉంది. సంచాలకులు ఎంత నొచ్చుకున్నా నియమం తప్పే మనిషి కారు. బొంతా లాజరును రాష్ట్రంలోని ఏకైక హాస్యగాడిగా నిర్ధారిస్తూ ఉత్తర్వు వెలువడింది. పరాంకుశం గారి ఫైలు సంచాలకుల ఎడమ చేతి దగ్గర నుంచి బీరువాలోకి, ఫైలుతోపాటు పరాంకుశం గారు పాత రికార్డుల గదిలోకి మారారు. అక్కడ పైవారెవరూ లేరు, చెదపురుగులే. ఏదైనా నవ్వొస్తే అప్పుడే నవ్వుకోవచ్చు.

సాంస్కృతిక వారోత్సవాల మొదటి సాయంత్రం బుర్రకథే పెట్టారు. వేరే దిక్కు లేదు, హాస్యగాడున్న దళం అదొక్కటే. ముందు వరుసలో ముఖ్య అతిథిగా సచ్చిదానందమూర్తి గారు శాలువా కప్పుకుని కూర్చున్నారు. పక్కన సంయుక్త సంచాలకులు, ఆ పక్కన సహాయకులు, వరుస చివర గుమాస్తాలు హోదా తప్పకుండా సర్దుకున్నారు. అందరి చూపూ వేదిక మీద కాక సంచాలకుల దవడ మీద ఉంది. పరాంకుశం గారు, వకుళమ్మ గారు వెనక జనంలో వేరుశనక్కాయలు వొలుచుకుంటూ కూర్చున్నారు.

సామ్రాజ్యమ్మ ఒక మహారాజు కథ అందుకుంది. రాణి పోయింది. తాను ఏడవకముందు రాజ్యంలో ఎవరూ ఏడవకూడదనీ, తాను ఏడిస్తే అందరూ ఏడవాలనీ రాజు దండోరా వేయించాడు. ఊరంతా రాజు కళ్ళల్లోకే చూస్తోంది. అక్కడ ఆవిడ ఊపిరి తీసుకుంది.

గుమ్మెట మోగింది. "అక్కా, నాదో సందేహం. రాజుగారు ఉల్లిపాయలు తరిగితేనో?"

జనం గొల్లుమన్నారు. ముందు వరుస మాత్రం బిగదీసుకుని కూర్చుంది. సచ్చిదానందమూర్తి గారి దవడ కదిలింది. మెడ నరాలు ఉబ్బాయి. ఆయన గబుక్కున శాలువా నోటికడ్డం పెట్టుకుని దగ్గారు. భుజాలు ఎగిరెగిరి పడేలా, కళ్ళ వెంట నీళ్ళు కారేలా దగ్గారు. వెంటనే సంయుక్త సంచాలకులు దగ్గారు. తరువాత సహాయకులు ఒక పిసరు తగ్గించి దగ్గారు. గుమాస్తాలు దగ్గారు. పందిరి గుంజ దగ్గర నిలబడ్డ బంట్రోతు కూడా తన వంతు కోసం ఆగి, వచ్చాక దగ్గాడు.

లాజరు గుమ్మెట ఆపి ఆ వరుసను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు.

"అక్కా, కథ ఆపు. ఇక్కడ దగ్గు కూడా సీనియారిటీ ప్రకారం వస్తంది."

సచ్చిదానందమూర్తి గారి చేతిలోంచి శాలువా జారిపోయింది. ఆయన నోరారా నవ్వారు. మోకాళ్ళ మీద చరుచుకుని, వెనక్కి వాలి, చుట్టూ ఎవరున్నారో కూడా చూసుకోకుండా నవ్వారు. ఉప్మా గురించి చెప్పినప్పుడు కూడా ఆయన అలా నవ్వగా ఎవరూ ఎరగరు. వెనక జనంలోంచి వకుళమ్మ గారు, పరాంకుశం గారు కూడా వేరుశనక్కాయలు ఒలకబోసుకుని నవ్వుతున్నారు.

ముందు వరుసలో మిగిలినవాళ్ళు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ దగ్గుతూనే ఉన్నారు. దగ్గు ఆపమని ఇంకా ఎవరూ చెప్పలేదు.